పాళి రాని పడవ

మా జిల్లాలో కెటమరాన్ పడవల క్లాస్ ఎందుకు నిలబడలేదని అడిగితే మా క్రీడల శాఖలో ఇప్పటికీ ఒకటే కథ చెప్తారు. పుట్టి నడిపేవాళ్ళను పట్టుకొచ్చి రేసు పడవల్లో కూర్చోబెట్టిందట ఆవిడ. జెండాల భాష తెలియని వాళ్ళు, బయలుదేరమని హారన్ మోగినా గీత ఇవతలే దిక్కులు చూస్తూ నిలబడ్డారట. ఆ "ఆవిడ" నేనే. నా వీడ్కోలు సభలో, నా మెడలో గంధపు దండ ఉండగానే, మైకులో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించారు. దండ వేసుకున్న మనిషి తగువు పెట్టుకుంటే బాగుండదని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోవలసిన పని లేదు. ఆ కథలో నిజం ఒక్క ముక్కే: మూడు పడవలు కదలకుండా నిలబడిన మాట వాస్తవం. కానీ అది జెండాలు తెలియక కాదు. జెండాల సంగతి వాళ్ళకు మా డిప్యూటీ డైరెక్టర్ కంటే బాగా తెలుసు; అవి అలంకారానికి కట్టినవని ఆయన చివరి దాకా అనుకున్నారు.

తుంగభద్ర డ్యాం వెనక నీళ్ళ ఒడ్డున ఉన్న జల క్రీడల శిక్షణ కేంద్రానికి నన్ను వేసింది బళ్ళారి జిల్లా రెండుగా చీలడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెలలో. హోదా సీనియర్ కోచ్. పైన బళ్ళారిలో డిప్యూటీ డైరెక్టర్, కింద ఒక అటెండరు, రెస్క్యూ బోటు నడిపే బసవరాజు. కేంద్రం మొత్తం ఇంతే. నేను చదివింది వ్యాయామ విద్య. తెరచాప పడవ నడపడం ఉద్యోగంలో చేరాక సముద్రం ఒడ్డున రెండు క్యాంపుల్లో నేర్చుకున్నాను. మాది బళ్ళారి బజారులో మూడు తరాల బట్టల అంగడి. ఈ పోస్టింగు సంగతి చెప్పినప్పుడు మా నాయన లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "గాలి వస్తే పోతాది, రాకుంటే నిలబడతాది. దీనికి సర్కారోళ్ళు జీతమిస్తారా తల్లీ?" అని అడిగాడు. ఆయన ఎగతాళిగా అన్న ఆ మాట కంటే మంచి నిర్వచనం నాకు ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకలేదు.

కేంద్రం షెడ్డులో రెండు కెటమరాన్లు, ఎప్పటిదో పాత పథకంలో వచ్చినవి, ప్లాస్టిక్ కాగితం కూడా పూర్తిగా విప్పకుండా పడి ఉన్నాయి. పావురాలు కాపురం పెట్టాయి. కెటమరాన్ అంటే రెండు సన్నని పడవలను పక్కపక్కన పెట్టి, అడ్డ కడ్డీలతో బిగించి, నడుమ గట్టి వల కట్టినది. ఆ వల మీద ఇద్దరు కూర్చుంటారు. ఒక కొయ్య, ఒక తెరచాప, వెనక రెండు చుక్కానులు. తేలిక, వేగం, లోతు లేని నీళ్ళలో కూడా పోతుంది. తర్వాత మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదటి రోజే దానికి "జోడెద్దులు" అని పేరు పెట్టారు. పేరు సరిగ్గా కుదిరింది. ఒక ఎద్దు ముందుకు, ఒకటి వెనక్కు లాగితే ఏమవుతుందో ఈ పడవతో కూడా అదే అవుతుంది.

క్లాస్ అనే మాట కూడా చెప్పాలి. ఒకే కొలత, ఒకే బరువు, ఒకే తెరచాప ఉన్న పడవలన్నీ కలిసి ఒక క్లాస్. పడవలన్నీ ఒకటే కాబట్టి గెలుపు మనిషిదవుతుంది, పడవది కాదు. రాష్ట్ర పోటీల్లో ఒక క్లాస్‌ను గుర్తించాలంటే మొదటి రేసులో కనీసం ఐదు పడవలు బయలుదేరాలి. నాలుగే బయలుదేరితే ఆ క్లాస్‌ను ఆ ఏటి కార్యక్రమంలోంచి కొట్టేస్తారు. తర్వాతి రేసులుండవు, పతకాలుండవు, సర్టిఫికెట్లుండవు. నా దగ్గరున్నవి రెండే పడవలు, వాటిలో పావురాల గూళ్ళు. కనీసం ఐదు కావాలి. నేను ఆరు అనుకున్నాను.

రెండేళ్ళకు పైగా తిరిగాను. కెటమరాన్‌ను ట్రాక్టర్ ట్రాలీ మీద కట్టి కాలేజీ మైదానాల్లో తెరచాప ఎత్తి నిలబెట్టాను. కుర్రాళ్ళు మూగి ఫొటోలు తీసుకుని, ఎంత మైలేజ్ ఇస్తాదని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక ప్రిన్సిపాల్ దాన్ని వార్షికోత్సవం వేదిక వెనకాల అలంకారంగా ఉంచుకుంటానని అడిగాడు. ఇంకో జిల్లాలో మూలనపడ్డ రెండు పడవలను ఆరు ఉత్తరాలు రాసి తెప్పించాను. మిగతా రెండింటినీ బళ్ళారిలో ఫైబర్ నీళ్ళ ట్యాంకులు పోసే షెడ్డులో అచ్చు తీయించాను. అక్కడి మేస్త్రీ పని బలంగా ఉండాలని రెండు పొరలు ఎక్కువ వేశాడు. క్లాస్ కొలతకు తేవడానికి నేనూ బసవరాజూ పది రోజులు ఉప్పుకాగితంతో రుద్దాం. చిరిగిన తెరచాపలను కుట్టింది జీన్స్ ప్యాంట్లు కుట్టే మహబూబ్. అతని మిషను తప్ప బళ్ళారిలో ఇంకే మిషనూ ఆ గుడ్డను పొడవలేదు. ప్యాంటుకు వేసినట్టే నారింజ దారంతో జంట కుట్టు వేసి, "చాప చిరిగితే చిరుగుతాది గానీ ఈ కుట్టు ఊడదు మేడం, గ్యారంటీ" అన్నాడు. ఊడలేదు.

మనుషులు మాత్రం కాలేజీల నుంచి రాలేదు, కంప్లి వైపు రేవుల నుంచి వచ్చారు. పుట్టి అంటే వెదురు బుట్టకు తారు పూసిన గుండ్రని పడవ. తరతరాలుగా దానితో మనుషులను, మోటారు సైకిళ్ళను, మేకలను ఏరు దాటించిన కుటుంబాలవి. వంతెనలు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది. వాళ్ళ పెద్ద హనుమంతప్ప మొదట ఒక్కడే వచ్చాడు. కెటమరాన్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, అడుగున తట్టి, దీనికి పక్కటెముకలు లేవేంది అని అడిగాడు. వారంలో దాన్ని నాకంటే బాగా తిప్పాడు. నెల తిరిగేసరికి పధ్నాలుగు మంది వచ్చారు. వాళ్ళలో హనుమంతప్ప తమ్ముడి కూతురు హులిగెమ్మ ఒకతె.

హులిగెమ్మ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో నిజంగా పోగొట్టుకున్నది ఆమె. బి.ఎ. పాసైంది. పోలీసు కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది. క్రీడా కోటాలో పోవాలంటే గుర్తింపు పొందిన క్లాస్‌లో పతకం ఉండాలి. వయసు పరిమితికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ పిల్ల మొదటి రోజే దరఖాస్తు ఫారం తెచ్చి, ఇందులో ఏ గడి నింపేదానికి నేను ఈడికి వస్తాండానో చూడండి మేడం, అని వేలు పెట్టి చూపించింది. నాకు అలాంటి మనుషులంటే ఇష్టం.

పధ్నాలుగు మంది, అప్పటికి రెండు పడవలు. సహజంగానే కొట్లాట. నేను ముందు వచ్చానంటే నేను ముందని, నిన్న నీకు గంటసేపు దొరికింది కదా అని, ఒకరోజు చుక్కాని కర్రతోనే మొదలుపెట్టారు. నేను పట్టిక రాసి గోడకు అంటించాను. దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. అప్పుడు హనుమంతప్ప నన్ను పక్కకు పిలిచి, "మేడం, రేవులో పన్నెండు పుట్లుండాయి. ఏపొద్దూ ఒకని మీద ఒకడు పడింది లేదు. ఆడ పాళి ఉండాది, ఈడ లేదు. అంతే" అన్నాడు.

పాళి అంటే వంతు. రేవులో ఒక బండ మీద ఒక్కొక్క పుట్టికి ఒక్కొక్క రాయి వరుసగా ఉంటుంది. మొదట ఎవరి రాయి ఉంటే వాళ్ళు బయలుదేరతారు. తిరిగి వచ్చాక ఆ రాయిని తీసి చివర పెడతారు. ముందున్నవాడు బీడీ కాల్చుకుంటున్నా, పుట్టిలో నీళ్ళు తోడుకుంటున్నా, వెనకవాడు ఆగుతాడు. ఎంత తొందరపడే ప్రయాణికుడున్నా ముందువాడిని దాటి కదలడు. కదిలితే రేవులో అతని మొహం చూడరు. ఇంత మంచి ఏర్పాటు మా శాఖలో ఏ పనికీ లేదని నాకు అనిపించింది. మరునాడే మా జెట్టీ గోడ మీద పధ్నాలుగు గుండ్రాళ్ళు వెలిశాయి. కొట్లాట ఆగింది. మూడో నెల నివేదికలో "క్రమశిక్షణ" అనే శీర్షిక కింద ఈ సంగతి రాస్తే బళ్ళారి నుంచి ప్రశంస వచ్చింది. ఇందులో నా తప్పు ఎక్కడ మొదలైందంటే ఇక్కడే. దాన్ని దాచుకునే ఉద్దేశం నాకు లేదు.

మూడో ఏడు రాష్ట్ర పోటీలు మా నీళ్ళ మీదే పెడతామన్నారు. నేను ఆగస్టు అడిగాను, గాలి అప్పుడు నిండుగా ఉంటుంది. దసరా తర్వాత పెట్టారు, అతిథులకు అప్పుడు వీలట. అక్టోబరులో మా దగ్గర గాలి పొద్దున లేస్తుంది, పదకొండు దాటితే పడుకుంటుంది. ఈ విషయం నేను కాగితం మీద రాసి పంపాను. గాలి గురించి ఉత్తరం రాసిన మొదటి అధికారినని నాకు పేరు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు.

పోటీ నిర్వహించేవారు పడవలకు ఇచ్చే సూచనల పత్రం ఇంగ్లీషులో వచ్చింది. పదకొండు పేజీలు. పోటీకి ముందు రోజు మావాళ్ళను కూర్చోబెట్టి తెలుగులో, అవసరమైన చోట కన్నడంలో చదివి చెప్పాను. ఐదు నిమిషాల ముందు ఏ జెండా, నాలుగుకు ఏది, ఒక నిమిషానికి ఏది దిగుతుంది, హారన్ ఎప్పుడు. రేసు నడిపే కమిటీ పడవ కొయ్యకూ నీళ్ళ మీద తేలే నారింజ బోయాకూ నడుమ ఊహించుకున్న గీతే బయలుదేరే గీత అని, హారన్‌కు ముందు దాన్ని దాటితే వెనక్కి రావాలని, ఇంకో పడవను తాకితే శిక్షగా గుండ్రంగా తిరగాలని మూడుసార్లు చెప్పాను. ఒక్క వాక్యం మాత్రం చదవకుండా వదిలాను. హారన్ మోగిన నాలుగు నిమిషాల లోపు గీత దాటని పడవను బయలుదేరనట్టే రాస్తారన్నది ఆ వాక్యం. అది కళ్ళబడింది, వదిలేశాను. తెరచాప రేసుల్లో గీత ముందే దాటిన పడవలను నా సర్వీసులో లెక్కలేనన్ని చూశాను. ముందే దాటకుండా ఆపడమే కోచ్‌ల పని. ఆలస్యంగా దాటే పడవ ఉంటుందని నాకు కలలో కూడా తోచలేదు.

రేసు పొద్దున తొమ్మిదిన్నరకు. మంచి గాలి, తెరచాపలన్నీ నిండి చప్పుడు చేస్తున్నాయి. ముఖ్య అతిథి రాలేదు. కమిటీ పడవ మీద ఎరుపు తెలుపు చారల జెండా ఎక్కింది. అది వాయిదా జెండా. నేను రేసు అధికారి దగ్గరికి వెళ్ళి అతిథి ఒడ్డున దీపం వెలిగించుకోవచ్చు, రేసుకు ఆయనతో పనేముందని అడిగాను. ఆయన నౌకాదళంలో పని చేసి రిటైరైన పెద్దమనిషి, మర్యాదస్థుడు. తనకు పైనుంచి చెప్పారన్నారు. అతిథి వచ్చి, దీపం వెలిగి, దండలు పడి, ప్రసంగం ముగిసేసరికి పదకొండు కావచ్చింది. చారల జెండా దిగింది. దాంతో పాటే గాలి కూడా దిగింది.

జెట్టీ గోడ మీద ఆ పొద్దున ఆరు రాళ్ళు వరుసగా ఉన్నాయి. నేను చూశాను. చూసి, ఎంత పద్ధతిగా ఉన్నారని లోపల మురిసిపోయాను కూడా.

నేను రెస్క్యూ బోటులో బసవరాజు పక్కన ఉన్నాను. హారన్ మోగింది. మొదటి పడవ అదే క్షణంలో గీత దాటింది. అంతకంటే మంచి బయలుదేరుడు ఆ రోజు ఏ క్లాస్‌లోనూ జరగలేదు. అది రెండు పడవల దూరం పోయాక రెండోది కదిలింది. అది దూరం జరిగాక మూడోది. శిక్షణలో కూడా ఇలాగే పోయేవాళ్ళు. ఢీకొట్టకుండా జాగ్రత్తపడుతున్నారని నేను అనుకునేదాన్ని. నాలుగోది హనుమంతప్ప. అతని వంతు వచ్చేసరికి ఉన్న కాస్త గాలి ఎదురు తిరిగి, పడవ ముక్కు గాలిలోకి చిక్కింది. కెటమరాన్‌కు ఇదొక జబ్బు. వేగం లేకుండా ముక్కు గాలికి ఎదురుగా నిలిస్తే తాడు వేసి కట్టినట్టు నిలబడిపోతుంది, ఆపైన మెల్లగా వెనక్కు జారుతుంది. చుక్కాని తిరగేసి పట్టి, చాపను చేత్తో అవతలికి నెట్టి బయటపడాలి. హనుమంతప్ప అదే చేస్తున్నాడు, గాలి సాయం రావడం లేదు. అతని వెనక ఐదో పడవలో కంప్లి నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు ఆగారు. ఆరోది హులిగెమ్మది. ఆమె నాకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. బోయా వైపు ఆమె ముందు నీళ్ళు ఖాళీ. గాలి పొర ఒకటి సరిగ్గా ఆమె తెరచాప మీదికే వస్తోంది. తాడు లాగితే పది సెకన్లలో గీత అవతల ఉంటుంది. ఆమె తాడు వదిలేసి, చాపను రెపరెపలాడనిచ్చి, పెద్దనాయన వైపు చూస్తూ నిలబడింది.

"దారి ఉండాది కదా మేడం, ఈయమ్మ ఎందుకు నిలబడుకుంది?" అన్నాడు బసవరాజు.

నేను వాచీ చూశాను. చదవకుండా వదిలేసిన వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. ఒకటిన్నర నిమిషం అయింది. అరిచి చెప్పవచ్చు. కానీ రేసులో ఉన్న పడవకు బయటివాళ్ళు సలహా ఇస్తే అది బయటి సాయం కింద లెక్క. ఆ పడవను అనర్హమని తీసేస్తారు. కోచ్‌లకు మొదటి పాఠం అది. బసవరాజు నోరు తెరవబోతే నేను చేయి ఎత్తి ఆపాను. మా అత్తగారితో, డిప్యూటీ డైరెక్టర్‌తో, ఒకసారి సాక్షాత్తూ ఆడిటర్‌తో వాదించిన మనిషిని నేను. ఉద్యోగంలో నేను నోరు మూసుకున్నది ఆ రెండున్నర నిమిషాలే.

హనుమంతప్ప నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు దాటాడు. అతని వెనక అన్నదమ్ములు, వాళ్ళ వెనక హులిగెమ్మ, క్రమం తప్పకుండా. గీత దాటాక మాత్రం ఆ పిల్లను చూడాల్సింది. రెండో మలుపులోపే అన్నదమ్ములను, పెద్దనాయనను ఇద్దరినీ దాటేసింది. ఏ మాత్రం మొహమాటం లేదు. రేవులో పాళి బయలుదేరేవరకే. ఏట్లో పడ్డాక ఎవరి చేతి బలం వాళ్ళది. ఉన్న కొద్దిపాటి గాలిని ఏరుకుంటూ పోయి, ముందు బయలుదేరిన ముగ్గురిలో ఇద్దరిని దాటి, ముగింపు గీత రెండోదిగా దాటింది.

ముగింపు గీత దాటిన ప్రతి పడవకూ హారన్ కొడతారు. మొదటి పడవకు కొట్టారు. ఆమెకు కొట్టలేదు. వెనకాలే వచ్చిన మూడో పడవకు కొట్టారు.

ఆమె పడవ తిప్పుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నాకెందుకు కొట్టలే మేడం?"

చెప్పాను. నాలుగు నిమిషాల సంగతి నిన్న నేను చదవలేదని కూడా చెప్పాను. దారి ఖాళీగా ఉన్నా ఎందుకు పోలేదని అడిగాను. ఆమె నావైపు, మతి పోయిందా అన్నట్టు చూసింది.

"పెద్దనాయన ముందుండాడు కదా. నా పాళి రాందే యాడికి పోయేది? మీ గోడ మీద రాయి పెట్టిచ్చింది మీరే కదా మేడం."

మేము ఒడ్డు చేరేసరికి హనుమంతప్ప పడవ పైకి లాగి, మా ఇద్దరి వైపూ చూడకుండా తెరచాప మడుస్తూ కూర్చున్నాడు. మడత ముగించాక, "నేను ఈత కొట్టుకుంటా పక్కకు పోయి వీళ్ళకు పాళి ఇడిసింటే సరిపోతాండె" అని మాత్రం అన్నాడు.

బయలుదేరినవి మూడని రాశారు. క్లాస్‌ను కొట్టేశారు. నేను అర్జీ పెట్టాను. గాలి పడిపోయినప్పుడు రేసును రద్దు చేయడానికి నీలం తెలుపు గళ్ళ జెండా ఒకటి ఉంటుంది, దాన్ని ఎందుకు ఎత్తలేదని అడిగాను. అతిథి కోసం గంటన్నర ఆగిన కమిటీ గాలి కోసం పది నిమిషాలు ఆగలేదా అనీ రాశాను. మూడు పడవలు చక్కగా సాగుతుండగా రేసు రద్దు చేయడానికి కారణం కనిపించలేదని రేసు అధికారి ఒక పేరాలో జవాబు ఇచ్చారు. నియమం ప్రకారం ఆయన రాసినది సరే. ఆ రోజు ఆ నీళ్ళ మీద నియమం తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

అసలు సంగతి సాయంత్రం బస్సులో బళ్ళారికి వెళ్తుంటే తట్టింది. తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు రోడ్డు నిండా అడ్డంగా ఉన్నాయి, మా బస్సు నిలిచిపోయింది. పదకొండు పేజీలు మళ్ళీ తిరగేస్తున్నాను. బయటి సాయం తీసుకున్న పడవను అనర్హం చేస్తారు, నిజమే. కానీ అనర్హమైన పడవ బయలుదేరని పడవ కాదు. అది బయలుదేరినట్టే లెక్క. నేను అరిచి ఉంటే, అన్నదమ్ములూ హులిగెమ్మా గీత దాటి ఉంటే, ఆ రేసులో ఆ రెండు పడవల పేర్లూ కొట్టేసేవాళ్ళు. కానీ బయలుదేరిన పడవలు ఐదయ్యేవి. క్లాస్ నిలిచేది. మరునాడు ఇంకా రెండు రేసులున్నాయి, ఆ పిల్లకు పతకం అక్కడ దొరికేది. ఇరవై ఏళ్ళ సర్వీసున్న కోచ్‌ని, ఏ నియమం తప్పితే ఎంత పోతుందో లెక్క కట్టకుండా, మీరకూడదు కాబట్టి మీరకుండా కూర్చున్నాను. వాళ్ళ ముందు హనుమంతప్ప ఉంటే నా ముందు పుస్తకం ఉంది. తేడా అంతే.

మరుసటి ఏడు కరోనా వచ్చి పోటీలే జరగలేదు. హులిగెమ్మ వయసు పరిమితి దాటింది. ఆ తర్వాత జిల్లా చీలింది, కేంద్రం అటు పోయింది, ఫైలు ఇటు మిగిలింది. ఆరు పడవలు ఇప్పుడెక్కడున్నాయని అడిగితే రెండు కార్యాలయాలూ ఒకదాని పేరు ఒకటి చెప్తాయి. నేను స్వచ్ఛందంగా రిటైరయ్యాను.

కొత్తగా కోచ్‌లయ్యేవాళ్ళకు ఈ ఉదంతం నుంచి చెప్పగలిగినది ఇంత. సూచనల పత్రంలో ఎవరూ చేయరని మీకు తోచిన తప్పు గురించిన వాక్యాన్నే ముందు చదివి చెప్పండి. శిక్షణ కోసం పెట్టిన ఏర్పాటును పోటీ పొద్దున మీ చేత్తోనే తీసేయండి. నియమాలను బట్టీ పట్టడంతో ఆపకుండా, ఒక్కొక్కటి తప్పితే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి.

హులిగెమ్మ ఇప్పుడు బళ్ళారిలో జీన్స్ ఉతికే యూనిట్‌లో సూపర్‌వైజరు. పోయిన వేసవిలో మహబూబ్ అంగడి దగ్గర కనబడింది, చేతులు మోచేతుల దాకా నీలం. అప్పుడు అడిగాను: ఆ రోజు నేను అరిచి ఉంటే, మీ పెద్దనాయనను దాటి పోయేదానివా?

"మీరు అరిచింటే కదా మేడం, తెలిసేది" అంది. నవ్వుతూనే అంది. బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది.

అది జవాబు కాదు. నాకింకా జవాబు కావాలి: ఆమె కదిలేదా?